అచ్చమాంబ సమాజం, అందులో లేని స్త్రీలు

1902లో బందరులో రెండు పనులు మొదలయ్యాయి. ఒకటి కృష్ణాపత్రిక. రెండోది బృందావన స్త్రీ సమాజం. కృష్ణాపత్రిక ఆంధ్రదేశపు జాతీయోద్యమ చరిత్రలో ఒక అధ్యాయమైంది. ముట్నూరి కృష్ణారావు పేరు వినని చరిత్ర విద్యార్థి అరుదు. బృందావన స్త్రీ సమాజం మాత్రం స్త్రీల సాహిత్యాన్ని పరిశోధించేవారి పాదసూచికల్లోనే మిగిలిపోయింది. ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి దాన్ని స్థాపించిన భండారు అచ్చమాంబను కూడా తొలి తెలుగు కథలు రాసిన రచయిత్రిగానే ఎక్కువమంది గుర్తు పెట్టుకున్నారు. చట్టసభల్లో మూడో వంతు స్థానాలను స్త్రీలకు కేటాయించాలని రాజ్యాంగాన్నే సవరించుకున్న ఈ కాలంలో, ఆమెను స్త్రీల రాజకీయ సంస్థకు పునాది వేసిన మనిషిగా చదవడం అవసరం. ఆ పునాది ఎవరి ఇళ్ళ మధ్య పడిందో, ఎవరి గూడెం దాకా రాలేదో కూడా అదే సమయంలో చదవాలి. ఈ రెండు పఠనాలూ ఒకదానికొకటి అడ్డం కావని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అచ్చమాంబ 1874లో అప్పటి కృష్ణా జిల్లా నందిగామ ప్రాంతంలోని పెనుగంచిప్రోలులో పుట్టింది. తల్లి గంగమ్మ, తండ్రి కొమర్రాజు వెంకటప్పయ్య. బ్రాహ్మణ కుటుంబం. ఆమెకు మూడేళ్ళు చిన్నవాడైన తమ్ముడే తరువాతి కాలంలో చరిత్ర పరిశోధకుడిగా, విజ్ఞాన చంద్రికా మండలి నిర్మాతగా పేరు పొందిన కొమర్రాజు లక్ష్మణరావు. పిల్లల చిన్నతనంలోనే తండ్రి పోయాడు. పదేళ్ళకే అచ్చమాంబకు భండారు మాధవరావుతో పెళ్ళయింది. ఆయన ఉద్యోగం మధ్యపరగణాలలో. అలా కృష్ణా తీరపు పిల్ల నాగపూరు వైపు, తెలుగు వినిపించని ఊళ్ళకు చేరుకుంది. చదువు కోసం లక్ష్మణరావు కూడా అక్క ఇంటికే వచ్చాడు.

అచ్చమాంబకు బడి లేదు. ఆ తరంలో ఆ కులంలో పుట్టిన ఆడపిల్లకు చదువంటే ఇంట్లో మగపిల్లల చదువు పక్కన దొరికినంతే. తమ్ముడి చదువు పక్కనే ఆమె చదువూ సాగింది. తెలుగు, హిందీ నేర్చుకుంది. మరాఠీ నేర్చుకుంది. సంస్కృతంతోనూ ఇతర భాషలతోనూ పరిచయం పెంచుకుంది. పుట్టిన ఇద్దరు పిల్లలూ దక్కలేదు. ఆ దుఃఖంలో ఆమె పుస్తకాలకు మరింత దగ్గరైంది, అనాథ పిల్లలను ఇంట పెట్టుకొని పెంచింది. సంతానం లేని స్త్రీని శుభకార్యాలకు పిలవడానికి జంకే సమాజంలో, ఆమె తన ఇంటినే పదిమందికి చదువు చెప్పే చోటుగా మార్చుకుంది.

మరాఠీ తెలియడం ఆమె జీవితంలో చిన్న విషయం కాదని నేననుకుంటాను. తెలుగునాట వీరేశలింగం ఉద్యమం వితంతు వివాహం చుట్టూ తిరుగుతున్న కాలంలో, మహారాష్ట్రలో స్త్రీల ప్రశ్న మరికొన్ని దారులు తొక్కింది. 1848లోనే పుణెలో జోతిబా ఫూలే, సావిత్రీబాయి ఫూలే ఆడపిల్లలకు బడి పెట్టారు. తరువాత శూద్ర, అతిశూద్ర కులాల పిల్లలకూ బడులు తెరిచారు. 1882లో తారాబాయి షిండే స్త్రీ పురుషుల ధర్మాలను పోల్చి ప్రశ్నించే గ్రంథం వెలువరించింది. అదే ఏడాది పండిత రమాబాయి పుణెలో ఆర్య మహిళా సమాజం స్థాపించింది. 1889లో బొంబాయి కాంగ్రెసు సభకు రమాబాయితో పాటు స్త్రీలు ప్రతినిధులుగా వెళ్ళారు. స్త్రీలు తామే సంఘం కట్టుకోవచ్చునన్న ఊహ మరాఠీ చదివే స్త్రీకి అప్పటికే అందుబాటులో ఉంది. సంఘంలోకి ఏ కులాల స్త్రీలు రావాలన్న ప్రశ్న కూడా అప్పటికే ఆ భాషలో పుట్టింది.

1901లో అచ్చమాంబ రాసిన అబలా సచ్చరిత్ర రత్నమాల మొదటి భాగం అచ్చయింది. వీరేశలింగం దాన్ని ప్రచురించాడు. అది స్త్రీల జీవితచరిత్రల సంపుటం. చరిత్రకెక్కిన భారతీయ స్త్రీలు ఒక భాగం, వేద పురాణ కాలాల స్త్రీలు ఒక భాగం, ఇతర దేశాల స్త్రీలు మరొక భాగం. మొత్తం మూడు భాగాలుగా రాయాలని ఆమె ప్రణాళిక. స్త్రీలు పుట్టుకతోనే అబలలు, బుద్ధిహీనులు, చదువిస్తే చెడిపోతారు అన్న మాటలు అప్పటి పండితుల నోట అతి సహజంగా పలికేవి. ఆ వాదానికి ఆమె వాదంతో కాక సాక్ష్యంతో జవాబు చెప్పదలచుకుంది. రాజ్యమేలినవారు, యుద్ధం చేసినవారు, శాస్త్రం చదివినవారు, కవిత్వం చెప్పినవారు వరసగా నిలబడితే, స్త్రీకి శక్తి లేదనేవాడికి మాట మిగలదని ఆమె నమ్మకం. పేరులో అబల అనే మాట ఉన్నా, పుస్తకం నిండా ఉన్నది దానికి విరుగుడే.

ఈ పనికి రాజకీయార్థం ఏమిటో తెలియాలంటే అరవై ఏళ్ళు కూడా ముందుకు పోనక్కరలేదు. 1951-52లో దేశమంతటా మొదటి సార్వత్రిక ఎన్నికలు జరిగినప్పుడు సుమారు 28 లక్షలమంది స్త్రీల పేర్లను ఓటర్ల జాబితాల నుంచి తీసివేయవలసి వచ్చింది. ఎక్కువగా ఉత్తరాది రాష్ట్రాలలో, వారు సొంత పేరు చెప్పలేదు. ఫలానావాడి భార్యగా, ఫలానావాడి తల్లిగానే నమోదయ్యారు. పేరు లేనివారికి ఓటు లేదని ఎన్నికల సంఘం నిర్ణయించింది. స్త్రీ రాజకీయ జీవితంలో తొలిమెట్టు సొంత పేరు. 1901లోనే స్త్రీల పేర్లు ఏరి, వాటి వెనుక చరిత్ర వెతికి, అచ్చులోకి తెచ్చిన అచ్చమాంబ చేసింది ఆ తొలిమెట్టు కట్టే పనే.

పుస్తకం తరువాతి ఏడాది బందరు సమాజం. అప్పటికి బందరు కృష్ణా జిల్లాకు ముఖ్యపట్టణం. 1855లో బెజవాడ దగ్గర కృష్ణానదికి ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో కాలువ నీరు పారింది. మాగాణి పెరిగింది, ధాన్యం వ్యాపారం పెరిగింది. కోర్టులు, కచేరీలు, నోబుల్ కళాశాల ఉన్న ఊరు కావడంతో వకీళ్ళు, ఉపాధ్యాయులు, గుమాస్తాల కుటుంబాలు బందరులో స్థిరపడ్డాయి. సభలు, పత్రికలు, గ్రంథాలయాలు ఆ కుటుంబాల మగవారి సాయంకాలాలను నింపాయి. బృందావన స్త్రీ సమాజం ఆ కుటుంబాల స్త్రీలకు అటువంటి చోటును మొదటిసారి ఏర్పరచింది. తెలుగునాట స్త్రీలు తమకోసం తామే స్థాపించుకున్న తొలి సంఘంగా చరిత్రకారులు దీన్నే చెబుతారు. తరువాత అచ్చమాంబ ఆంధ్రప్రాంతంలో ఊరూరా తిరిగి ఇటువంటి సమాజాలు పెట్టమని స్త్రీలను ప్రోత్సహించింది.

సమాజం అనగానే పూజలు, పాటలు, కాలక్షేపం అని తీసిపారేసేవారున్నారు. స్త్రీ సమాజాల నడకను దగ్గరగా చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. అక్కడ ఒకరు అగ్రాసనం మీద కూర్చోవాలి. మరొకరు కార్యదర్శి కావాలి. చందా వసూలు చేయాలి, లెక్క రాయాలి, వచ్చే సమావేశానికి విషయం నిర్ణయించాలి. ఒక స్త్రీ లేచి నిలబడి, బంధువులు కాని పదిమంది ఎదుట తన అభిప్రాయం చెప్పాలి. మరొక స్త్రీ దాన్ని కాదనాలి. ఇంట్లో అత్త, మామ, భర్త ఎదుట నోరు విప్పని స్త్రీకి ఇది కొత్త విద్య. శాసనసభకు స్త్రీ ఓటు వేయడమనే ఊసే లేని కాలంలో, శాసనసభలో అవసరమయ్యే పనులన్నిటికీ చిన్నపాటి అభ్యాసం ఆ గదుల్లో జరిగింది. 1902లోనే ఏలూరులో సత్తిరాజు సీతారామయ్య ప్రారంభించిన హిందూసుందరి వంటి పత్రికలు ఆ స్త్రీల రచనలకు చోటిచ్చి, ఒక ఊరి స్త్రీల మాట మరొక ఊరి స్త్రీలకు చేరవేశాయి.

అచ్చమాంబ కథ ధనత్రయోదశి ఆ పత్రికలోనే 1902 నవంబరులో వచ్చింది. పండుగనాడు చేతిలో డబ్బులేని భర్త యజమాని సొమ్ముకు ఆశపడితే, భార్య దాన్ని ముట్టుకోనని నిలబడిన కథ అది. గురజాడ దిద్దుబాటు 1910 నాటిది కనుక తొలి తెలుగు కథ ఏదన్న చర్చలో అచ్చమాంబ పేరు తప్పక వస్తుంది. నాకు ఆ చర్చకన్నా ఆ కథలో ఇల్లాలి స్థానం ముఖ్యం. ఇంటి నిర్ణయంలో ధర్మాధర్మాలు తేల్చేది ఆమె. భర్త చెప్పింది వినడం కాక, భర్తకు చెప్పడం ఆమె పని. ఆనాటి సంస్కర్తలు కోరుకున్న ఉత్తమ ఇల్లాలి చట్రం దాటకుండానే, స్త్రీకి నిర్ణయాధికారం ఉందన్న మాటను అచ్చమాంబ ఇంటి నడుమ నిలబెట్టింది.

ఇంతవరకు చెప్పినదంతా ఒక పార్శ్వం. ఇప్పుడు రెండో పార్శ్వం. ఆ సమాజపు గదిలోకి ఎవరు రాగలరు? చదవను నేర్చినవారు, లేదా నేర్పించే మగవారు ఇంట్లో ఉన్నవారు. మధ్యాహ్నం పూట రెండు గంటలు ఖాళీ ఉన్నవారు. అగ్రకులస్థుల ఇంటి గడప లోపలికి అడుగుపెట్టే హక్కు ఉన్నవారు. తలుపు మీద కులం పేరు రాయనక్కరలేదు. ఈ మూడు షరతులే చాలు. నాట్లు వేసే మాల మాదిగ స్త్రీ, చేపలు ఎండబెట్టి అమ్మే పల్లెకారు స్త్రీ, పెడన మగ్గాల ఇళ్ళలో ఆసు పోసే స్త్రీ ఆ గదికి బయటే ఉండిపోయారు. సమాజం పనివేళ వారి పనివేళతో కలవదు. సమాజం మాట్లాడిన స్త్రీ సమస్యలు కూడా వారివి కావు. వితంతువు తల గొరిగించడం, వితంతు వివాహ నిషేధం బ్రాహ్మణ స్త్రీల ఘోర సమస్యలు. మారుమనువు ఆచారంగా ఉన్న కులాలలో స్త్రీ సమస్య కూలి, ఆకలి, భూస్వామి చెయ్యి, ఊరి బావి.

అప్పటికే ఆ స్త్రీలు అక్షరానికి పూర్తిగా దూరంగా లేరు. 1859లో బెజవాడ సమీపాన రాఘవాపురానికి చెందిన పగోలు వెంకయ్య క్రైస్తవం స్వీకరించిన తరువాత కృష్ణా ప్రాంతంలో మాలపల్లెలకు మిషనరీ బడులు వచ్చాయి. దళిత బాలికలు కొందరు అక్కడ చదవడం నేర్చుకున్నారు. కొందరు బైబిలు స్త్రీలుగా పల్లెలు తిరిగారు. ఒకే జిల్లాలో, ఒకే కాలంలో, స్త్రీల చదువు రెండు వేరు వేరు తోవల్లో నడిచింది. ఒక తోవ పత్రికల్లోకి, అక్కడి నుంచి చరిత్ర పుస్తకాల్లోకి వెళ్ళింది. రెండో తోవ చర్చి రిజిస్టర్లలో ఆగిపోయింది. ఈ రెండు తోవలు కలిసి ఉంటే తెలుగు స్త్రీల రాజకీయం మరోలా ఉండేది.

120 ఏళ్ళనాటి మనిషిని నేటి కొలతతో కొలవడం న్యాయమా అని కొందరు అడుగుతారు. ఆ అభ్యంతరం విలువైనదే. అయితే నేను వాడుతున్న కొలత నేటిది కాదు. అచ్చమాంబ పుట్టడానికి పాతికేళ్ళ ముందే సావిత్రీబాయి వేసిన కొలత అది. ఈ ఇద్దరి జీవితాలు చివరిలో ఒకచోట కలుస్తాయి. 1897 మార్చిలో పుణెలో ప్లేగు రోగులకు సేవ చేస్తూ సావిత్రీబాయి అదే జబ్బుతో చనిపోయింది. 1905 జనవరిలో అచ్చమాంబ కూడా ప్లేగు రోగులకు సేవ చేస్తూ, ఆ జబ్బు సోకి చనిపోయింది. అప్పటికి ఆమెకు ముప్ఫై ఏళ్ళు. ప్లేగు రోగిని సొంతవారే వదిలిపోయే రోజుల్లో ఇద్దరూ రోగి దగ్గరికి వెళ్ళారు. కరుణలో ఇద్దరికీ తేడా లేదు. తేడా సంస్థలో ఉంది. సావిత్రీబాయి కట్టిన బడిలో కులం ఒక ప్రశ్న. అచ్చమాంబ కట్టిన సమాజంలో కులం ప్రశ్న కాలేదు. కరుణ మనిషితో పోతుంది, సంస్థ మిగులుతుంది. అందుకే సంస్థ గడప ఎత్తు ఎంతో చూడాలి.

అచ్చమాంబ బతికి ఉంటే ఏమయ్యేదన్నది ఊహ. ఆమె తరువాత ఏమైందన్నది చరిత్ర. 1917 డిసెంబరులో సరోజినీ నాయుడు నాయకత్వంలో స్త్రీల ప్రతినిధివర్గం మద్రాసులో మాంటేగును కలిసి ఓటు అడిగింది. 1921లో మద్రాసు శాసనమండలి స్త్రీలకు ఓటు హక్కు ఇచ్చే తీర్మానం చేసింది. దేశంలోని బ్రిటిషు రాష్ట్రాలలో ఇదే మొదటిది. కానీ ఆ ఓటు ఆస్తి ఉన్నవారికి, పన్ను కట్టేవారికి. ఆడవారి పేర ఆస్తి ఎన్ని ఇళ్ళలో ఉంటుంది? 1935 చట్టం ఆ గీతను కొంత జరిపింది. చదువుకున్న స్త్రీలకు, ఆస్తి గల పురుషుల భార్యలకు కూడా ఓటు వచ్చింది. ఆస్తి, అక్షరం, భర్త అనే ఈ మూడు మెట్లూ డెల్టాలో ఏ కులాల స్త్రీలు ఎక్కగలరో చెప్పనక్కరలేదు. బందరు సమాజపు గడప దగ్గర ఉన్న షరతులే ఓటరు జాబితా దగ్గరా ఎదురయ్యాయి. వయోజన ఓటు వచ్చేదాకా గూడెం స్త్రీ బయటే నిలబడింది.

ఆ కాలంలోనే ప్రాతినిధ్యం రెండు వరసలుగా విడిపోయింది. 1932 పూనా ఒప్పందంతో మద్రాసు రాష్ట్ర శాసనసభలో 30 స్థానాలు అణగారిన వర్గాలకు కేటాయించారు. 1935 చట్టంతో అదే సభలో స్త్రీలకు 8 స్థానాలు కేటాయించారు. దళితుల వరసలో పురుషుడు నిలబడ్డాడు. స్త్రీల వరసలో అగ్రకుల స్త్రీ నిలబడింది. దళిత స్త్రీకి రెండు వరసల్లోనూ చోటు ఉన్నట్టే కనిపించి, దేనిలోనూ దొరకలేదు. రాజ్యాంగ పరిషత్తులో పదిహేనుమంది స్త్రీలు ఉంటే వారిలో దళిత స్త్రీ దాక్షాయణీ వేలాయుధన్ ఒక్కతే. ఆమె మద్రాసు రాష్ట్రం నుంచి ఎన్నికైంది. తెలుగునాట టి.ఎన్. సదాలక్ష్మి శాసనసభ ఉపసభాపతిగా, దేవాదాయ శాఖ మంత్రిగా పనిచేసింది. రిపబ్లికన్ పార్టీ నాయకురాలు జె. ఈశ్వరీబాయి 1967లో, 1972లో ఎల్లారెడ్డి నుంచి గెలిచింది. ఇద్దరూ హైదరాబాదు, సికిందరాబాదుల దళిత బస్తీల నుంచి, దళిత ఉద్యమాల నుంచి వచ్చినవారు. వారిని తయారుచేసింది స్త్రీ సమాజం కాదు. ఇది గమనించవలసిన విషయం.

కృష్ణా డెల్టాలోనూ సమాజం గదికి బయట స్త్రీల సంఘాలు ఉన్నాయి. మనం వాటిని సంఘాలని పిలవలేదు, అంతే. గుడివాడ చుట్టుపక్కల మాగాణుల్లోనూ, దివిసీమలో అవనిగడ్డ, నాగాయలంక వైపునా నాట్ల కాలంలో కూలి స్త్రీలు ముఠాలు కడతారు. ఎకరానికి ఇంత అని గుత్త మాట్లాడుకుంటారు. రైతుతో బేరం ఆడే స్త్రీ ఒకతె ఉంటుంది. ఎవరిని ముఠాలో చేర్చుకోవాలి, వచ్చిన సొమ్ము ఎలా పంచుకోవాలి అన్నవి అందరూ కలిసి తేల్చుకుంటారు. అధ్యక్షత, చర్చ, లెక్క, పంపకం. అచ్చమాంబ సమాజంలో స్త్రీలు నేర్చుకున్న విద్యలే ఇవి. తేడా ఒక్కటే. సమాజంలో మాట్లాడిన స్త్రీ మాట పత్రికకెక్కింది, ముఠాలో మాట్లాడిన స్త్రీ మాట పొలం గట్టు దాటలేదు. పార్టీలు ఆమెను సభకు జనాన్ని తెచ్చే మనిషిగానే చూశాయి, సభలో మాట్లాడే మనిషిగా చూడలేదు.

1983లో గుడివాడ నుంచి పోటీచేసి గెలిచిన ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలోనే ఈ ప్రాంతం స్త్రీల హక్కుల చట్టాలతో ముడిపడింది. హిందూ వారసత్వ చట్టానికి రాష్ట్ర సవరణ ద్వారా ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు వచ్చింది. 1986 మండల వ్యవస్థలో అధ్యక్ష పదవుల్లో స్త్రీలకు 9 శాతం కేటాయింపు వచ్చింది. రెండూ గొప్ప అడుగులే. అయితే మాగాణి ఉన్న ఇంటి ఆడపిల్లకు ఆస్తి హక్కు ఎంత విలువైనదో, సెంటు భూమి లేని ఇంటి ఆడపిల్లకు అది అంత దూరమైనది. తరువాత 73వ రాజ్యాంగ సవరణ, 1994 పంచాయతీరాజ్ చట్టం మూడో వంతు స్థానాలు ఇచ్చాయి. 2011లో అది సగమైంది. స్థానిక సంస్థల్లో ఎస్సీ, ఎస్టీ, బీసీ స్థానాల లోపల కూడా స్త్రీల వాటా ఉంది. పంచాయతీలో దళిత స్త్రీ, పల్లెకారు స్త్రీ సర్పంచి కుర్చీ దాకా రావడానికి కారణం స్త్రీల కోటా ఒక్కటే కాదు, కులం కోటా లోపల స్త్రీల కోటా ఉండడం.

ఆ కుర్చీలో ఆమె ఎంతవరకు కూర్చోగలుగుతున్నదన్నది మరో ప్రశ్న. సర్పంచి భర్త సమావేశాలు నడపడం, ఊరి పెద్ద కులం మనిషి చెక్కుల మీద సంతకాలు చేయించుకోవడం మన పల్లెల్లో అందరికీ తెలిసిన సంగతి. దీన్ని చూపించి స్త్రీలకు కోటా వృథా అనేవారున్నారు. నేను దీని నుంచి వేరే పాఠం తీసుకుంటాను. అచ్చమాంబ తరంలో అగ్రకుల స్త్రీకి కుర్చీకి ముందు సమాజం దొరికింది. మాట్లాడడం, లెక్క చూడడం, కాదనడం అక్కడ నేర్చుకుంది. రెండు మూడు దశాబ్దాల తరువాత కుర్చీ వచ్చినప్పుడు ఆ తరగతి సిద్ధంగా ఉంది. దళిత, బీసీ స్త్రీకి కుర్చీ ముందు వచ్చింది. వెనుక నిలబడే సంఘం రాలేదు. లోపం ఆమెలో లేదు. ఆమెను ఒంటరిగా కుర్చీలో కూర్చోబెట్టిన పద్ధతిలో ఉంది.

ఇప్పుడు 2023 నాటి 106వ రాజ్యాంగ సవరణ. లోక్‌సభలో, శాసనసభల్లో మూడో వంతు స్థానాలు స్త్రీలకు. జనగణన, ఆపై నియోజకవర్గాల పునర్విభజన జరిగాకే అమలు అని ఆ సవరణ చెప్పింది. ఎస్సీ, ఎస్టీ స్థానాల్లో ఆ కులాల స్త్రీలకు మూడో వంతు వస్తుంది. బీసీ స్త్రీలకు ప్రత్యేక వాటా లేదు. చట్టసభల్లో బీసీలకే రిజర్వేషన్ లేదు కనుక బీసీ స్త్రీలకు ఎలా ఇస్తామన్నది ప్రభుత్వ పక్షపు తర్కం. ఆ తర్కం ప్రకారం దివిసీమ తీరంలోని అగ్నికులక్షత్రియ స్త్రీ, పెడన పద్మశాలి స్త్రీ, గుడివాడ పక్క పల్లెలోని గౌడ స్త్రీ సర్పంచి కావచ్చు, జడ్పీటీసీ కావచ్చు. శాసనసభ దగ్గరికి వచ్చేసరికి ఆమె డెల్టా భూస్వామ్య కులాల స్త్రీతో, ఆ స్త్రీ వెనుక ఉన్న డబ్బుతో, బంధుబలగంతో పోటీపడాలి. 1952 నుంచి 2024 వరకు మచిలీపట్నం లోక్‌సభ స్థానంలో ఒక్క స్త్రీ కూడా గెలవలేదు. రేపు ఆ స్థానం స్త్రీలకు కేటాయిస్తే మొదటి మహిళా ఎంపీ వస్తుంది. ఆమె ఏ ఇంటి నుంచి వస్తుందో చెప్పడానికి జ్యోతిషం అక్కరలేదు.

అందుకే మూడు పనులు అవసరమని నా వాదన. ఒకటి, మహిళా కోటా లోపల బీసీ స్త్రీలకు వాటా కల్పించే మరో రాజ్యాంగ సవరణ. మైనారిటీ స్త్రీల ప్రాతినిధ్యాన్ని కూడా ఆ చర్చలో చేర్చాలి. రెండు, చట్టం వచ్చేదాకా ఆగనక్కరలేని పని. ప్రతి పార్టీ తన గ్రామ, మండల కమిటీల్లో దళిత, బీసీ స్త్రీలకు పదవులివ్వవచ్చు. మహిళా విభాగం అని పక్కన కూర్చోబెట్టడం కాక, టికెట్లు తేల్చే కమిటీలో కూర్చోబెట్టాలి. మూడు, నాట్ల ముఠాలను, చేపల బజారు స్త్రీలను, పొదుపు సంఘాలను ఓట్ల లెక్కగా చూడడం మాని, రాజకీయ పాఠశాలలుగా గుర్తించాలి. పొదుపు సంఘం లెక్కలు ఏళ్ళ తరబడి రాసిన స్త్రీకి పంచాయతీ బడ్జెట్టు అర్థం కాదనడం అబద్ధం.

విద్యార్థులకు, పరిశోధకులకు ఇంకో పని ఉంది. అచ్చమాంబ మూడు భాగాలుగా రాయదలచిన గ్రంథాన్ని ముగించకుండానే చనిపోయింది. ఆమె పద్ధతి మాత్రం మనకు మిగిలింది. పేర్లు వెతకాలి, ఊర్లు తిరగాలి, సాక్ష్యం పోగుచేయాలి, రాయాలి. సదాలక్ష్మి జీవితాన్ని గోగు శ్యామల నేనే బలాన్ని అన్న పుస్తకంగా తెచ్చినట్టు, కృష్ణా డెల్టాలో తొలి దళిత సర్పంచులు, కూలిపోరాటాల్లో ముందు నడిచిన స్త్రీలు, పల్లెకారు సంఘాల స్త్రీలు ఎవరో ఊరూరా వెతికి రాయవలసి ఉంది. బందరు, గుడివాడ, అవనిగడ్డ కళాశాలల్లో చదువుతున్న ఆ ఇళ్ళ పిల్లలే ఈ పనికి తగినవారు. వాళ్ళ అమ్మమ్మలు, నానమ్మలు ఇంకా బతికి ఉన్నారు. వారి మాట రాసుకోవడానికి మిగిలిన కాలం తక్కువ.